పై క్వార్టర్లో కప్పు తట్టిన చప్పుడు

మా సంఘంలో ఒట్లు పెట్టుకోరు. ఒట్టు పెడితే గానీ నమ్మని మాటైతే అసలు చెప్పనే వద్దంటారు మా పాస్టరు గారు. అందుకని నేను ఒట్టు పెట్టను. కానీ ఇది జరిగింది. గోదావరిఖనిలో, మా క్వార్టర్లో, నేను పూర్తిగా మెలకువతో ఉన్నప్పుడు జరిగింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి... మధ్యలో మాత్రం నవ్వకండి. నవ్వితే లేచి ఇంటికి పోతాను. నా సంగతి మీకు తెలుసు.

ఇంకో మాట ముందే చెబుతున్నాను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రపోతుంటారు, వాళ్ళను లేపే రోజు వేరే ఉంది, అంతవరకు ఎవరూ ఎక్కడా తిరగరు... చిన్నప్పటి నుంచి నాకు నేర్పింది ఇదే. నిమ్మకాయలు, తాయెత్తులు అంటూ వచ్చేవాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టి తిట్టి పంపే మనిషిని నేను. అలాంటి నేను చెబుతున్నాను. వినండి.

అసలు గొడవ పావురాలతో మొదలైంది.

మాది కంపెనీ క్వార్టరు. కింద మేము, మా నెత్తి మీద ఇంకో క్వార్టరు. పైన ఉన్నాయన రిటైరై సొంత ఇంటికి వెళ్ళిపోయాడు. కొత్తవాళ్ళు ఇంకా రాలేదు. ఆ ఎండాకాలం ఒక గాలిదుమారం వచ్చి పైవాళ్ళ కిటికీ రెక్క ఊడగొట్టింది. అంతే. ముందు ఒక పావురాల జంట వచ్చింది. తర్వాత ఆ జంట చుట్టాలు, చుట్టాల చుట్టాలు. దొడ్లో ఆరేసిన బట్టల మీద రెట్టలు. వంటింట్లోకి ఈకలు. పుల్లలూ తీగముక్కలూ వెంటిలేటర్లోంచి జారి అన్నం గిన్నె పక్కన పడేవి. ఇక ఆ మూలుగుడు... పొద్దస్తమానం గుటుర్ గూ, గుటుర్ గూ. పావురాల చప్పుడు వింటే మనసుకు హాయిగా ఉంటుందని ఎవరో అన్నారట. వాళ్ళను ఒక వారం మా ఇంట్లో ఉండమనండి.

నేను చేయని ఉపాయం లేదు. పాత సీడీలు దారాలకు కట్టి వేలాడదీశాను, మెరుపుకు బెదిరిపోతాయని. వాటి ఎదురుగా కూర్చుని తీరిగ్గా ఈకలు దువ్వుకున్నాయి. నల్ల కవర్లు కట్టాను. మిరపకాయల పొగ వేశాను, మేమే దగ్గి చచ్చాము. చివరికి సంతలో ప్లాస్టిక్ గుడ్లగూబను కొని సన్‌షేడ్ మీద పెట్టాను. నాలుగు రోజులు గడవకముందే ఒక పావురం దాని నెత్తి మీద కూర్చుని నన్నే చూస్తోంది. తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా?

మా ఆయన ఉన్న రోజుల్లోనూ వెంటిలేటర్ల అంచుల మీద ఒకటీ అరా ఉండేవి. ఆయన పద్ధతి వేరు. ఆయన దగ్గర ఒక వెదురు కర్ర ఉండేది. దాంతో రాత్రి పడుకునే ముందు అంచు మీద తట్టి వాటిని లేపేవాడు. అంతటితో ఊరుకుంటే బాగుండు. అదే కర్రతో గది కప్పు కూడా తట్టేవాడు.

ఎందుకంటే... ఆయన పని అది. పేరు ప్రకాశం. బొగ్గు బాయిలో సపోర్టు పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టాలి, పైన బోల్టులు బిగించాలి. ఆ పనివాళ్ళు అడుగు పెట్టేముందు కర్రతో పైన తట్టి చూస్తారు. రాయి గట్టిగా ఉంటే టంగ్ మంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డబ్ మని బోలుగా పలుకుతుంది. ఆ బోలు చప్పుడు వచ్చిందా... ఇక మాటల్లేవు. కింద ఎవరుంటే వాళ్ళను పట్టి లాగేయాలి. అలాంటి పనిలో ముసలితనానికి దగ్గరైన మనిషి ఎక్కడికి వెళ్ళినా ముందు పైకే చూస్తాడు. పెళ్ళికి వెళ్తే పందిరి వంక, చర్చికి వెళ్తే స్లాబు వంక.

ఇంట్లో ఆయన తట్టడం ఇప్పటికీ నా చెవిలో ఉంది. రెండు దెబ్బలు. ఆగడం. తల ఒక పక్కకు వంచి వినడం. ఒక అడుగు జరిగి మళ్ళీ రెండు దెబ్బలు... ఆగడం. అట్లా గోడ దాకా పోయి, మూలలో కర్ర మొనతో ఒకసారి బరికేవాడు. అయిపోయింది అన్నట్టు. అప్పుడు లైటు తీసేవాడు. నేను కోప్పడేదాన్ని. ఇది బాయి కాదు, ఇల్లు, పైనోళ్ళు ఏమనుకుంటారు అని. ఆయన ఎప్పుడూ ఒకటే మాట.

"ఏ కప్పైనా కప్పే. నమ్మి పండొద్దు."

పెళ్ళైన కొత్తలో ఆ చప్పుడుకు తల నొప్పి లేచేది. తర్వాత తర్వాత ఆ చప్పుడు లేకపోతే నిద్ర వచ్చేది కాదు. ఆయనకు నైట్ షిఫ్టు పడిన వారాల్లో సగం రాత్రి దాకా దొర్లుతూ ఉండేదాన్ని.

అలాంటి ఒక నైట్ షిఫ్టుకే వెళ్ళాడు. బాయిలో ఏమీ కాలేదు. అసలు దిగనే లేదు. పైన హాజరు వేయించుకుని, నెత్తి లైటు తీసుకుంటుంటే గుండెలో పట్టేసినట్టుంది అన్నాడట. తోటివాళ్ళు దవాఖానకు తీసుకెళ్ళారు. నేను పోయేసరికి ముఖం మీద గుడ్డ ఉంది. తర్వాత ఇంటికి తెచ్చారు. పెట్టెలో తెచ్చారు, పాటలు పాడారు, తీసుకెళ్ళారు. అది ఇంటికి రావడం కాదు కదా? డ్యూటీకి పోయిన మనిషి డ్యూటీ నుంచి రాలేదు. నా మనసుకు ఈ రోజుకూ అట్లాగే ఉంది.

ఆయన ఉద్యోగం మా బిడ్డ గ్రేసికి వచ్చింది. కంపెనీ ఆఫీసులో పని. క్వార్టరు దాని పేరు మీదికి మారింది. అల్లుడు బెల్లంపల్లిలో బడి పంతులు, శనివారం వచ్చి సోమవారం పొద్దున పోతాడు. నేను చెప్పేది జరిగినప్పుడు గ్రేసి నిండు చూలాలు. సెలవు పెట్టి ఇంట్లో ఉంది. దానికి చిన్నప్పటి నుంచి కొంచెం ఆయాసం. కానీ ఆ ఎండాకాలం దగ్గు మొదలై, ఇక తగ్గలేదు. రాత్రుళ్ళు కూర్చునే నిద్రపోయేది. గొంతులో పిల్లికూతలు.

దవాఖానలో డాక్టరమ్మ అన్నీ అడిగి, ఇంటి దగ్గర పావురాలున్నాయా అని అడిగింది. ఉన్నాయా అంటే... మేమే వాటి దగ్గర ఉన్నాం తల్లీ, అన్నాను. ఆమె నవ్వలేదు. రెట్ట ఎండి పొడై గాలిలో కలుస్తుంది, ఈ ఊపిరితిత్తులకు అది విషం, కాన్పు దాకా ఇట్లాగే ఉంటే ఇద్దరికీ ముప్పు అంది. ఇల్లన్నా మారండి, వాటినన్నా పంపండి అంది.

ఈ నెలల్లో ఇల్లెక్కడ మారతాం? ఆఫీసులో అడిగితే పై క్వార్టరు తాళం చెవి ఇచ్చారు. కిటికీలకు, వెంటిలేటర్లకు జాలీ కొట్టించుకోమన్నారు. మల్లేశును పిలిచాను. మల్లేశు మా ఆయనతో పాటు బాయిలో పనిచేసినవాడే. ఇప్పుడు ఇళ్ళకు పావురాల వలలు, జాలీలు కట్టే పని పెట్టుకున్నాడు. రేపు పొద్దున వస్తానన్నాడు.

ఆ రాత్రి...

ఉక్క. ఆకు కదలడం లేదు. మా లైన్లో ఫ్యూజు పోయి కూలరు ఆగింది. కూలరు ఆగితే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలుసు కదా... చెవులు మూసినట్టు అయింది. గ్రేసి లోపలి గదిలో మంచం మీద, దిండ్లకు ఆనుకుని. నేను దాని పక్కన కింద చాప మీద. విసనకర్రతో విసురుతున్నాను. దానికి అప్పుడే కన్ను అంటింది.

పైన పావురాల మూలుగు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

అన్నీ ఒక్కసారే ఆగాయి. పిల్లి దూరిందేమో అనుకున్నాను. పిల్లి దూరితే రెక్కల చప్పుడు రావాలి కదా? రాలేదు. ఏమీ లేదు. నా విసనకర్ర చప్పుడే నాకు పెద్దగా వినబడింది. విసరడం ఆపాను.

టక్... టక్.

వంటింటి వైపు. పైన.

ఆగింది.

పావురం ముక్కుతో పొడుస్తోంది, అనుకున్నాను. గింజ ఏదో దొరికి ఉంటుంది. ముక్కుతో పొడిస్తే టకటకా పొడుస్తుంది. ఇది... రెండు కొట్టి ఆగింది. ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగింది.

టక్... టక్. ఈసారి ఒక అడుగు ఇవతల.

నా ఒళ్ళు చల్లబడింది. అంత ఉక్కలో చెమట చల్లగా దిగడం మొదటిసారి చూశాను. లేవాలనుకున్నాను, కాళ్ళు రాలేదు. చప్పుడు నడుస్తోంది. రెండు దెబ్బలు... ఆగడం... ఒక అడుగు. వంటిల్లు దాటింది. నడవ దాటింది. మా గది మీదికి వచ్చింది. నేను ఎటు చూడాలో తెలియక పైకే చూస్తున్నాను. చీకట్లో ఏం కనబడుతుంది? ఆ ఆగినప్పుడల్లా... ఎట్లా చెప్పాలి మీకు... ఆ ఆగడంలో ఎవరో వింటున్నట్టుంది. తల పక్కకు వంచి.

నేను పిలవలేదు.

చప్పుడు గ్రేసి మంచం మీదికి వచ్చింది.

డబ్... డబ్.

టక్ కాదు. డబ్. బోలుగా.

ఆగింది. ఇక జరగలేదు. మళ్ళీ అక్కడే. డబ్... డబ్.

అప్పుడు వచ్చాయి నాకు కాళ్ళు. ఏమీ ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళు ఆ మనిషి పక్కన పడుకున్నదాన్ని, ఆ చప్పుడు వస్తే ఏం చేయాలో నాకు వేరే చెప్పాలా? గ్రేసి రెండు చేతులూ పట్టుకుని లేపాను. "లే బిడ్డా, లే. కప్పు మంచిగ లేదు." నిండు మనిషిని నిద్రలోంచి లాగి, నడవలోంచి, ముందు గదిలోంచి, బయట మెట్ల దగ్గరికి తెచ్చాను. అది ఆయాసపడుతూ ఏమైందమ్మా, ఏమైందమ్మా అంటోంది. నేను ఫోను లైటు వేసి, తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నాను. ఇప్పుడు పడుతుంది... ఇప్పుడు పడుతుంది.

పడలేదు.

పొద్దు పొడిచే దాకా నిలబడ్డాను. మొదటి షిఫ్టు వాళ్ళు టిఫిన్ డబ్బాలు బండికి తగిలించుకుని వెళ్తూ మమ్మల్ని వింతగా చూశారు. ఇసుక రవ్వంత కూడా రాలలేదు. గ్రేసిని అడిగితే నిద్రలో పావురాల చప్పుడు తప్ప తనకేమీ వినబడలేదంది. నువ్వు కలగన్నావు అంది. ఎవరైనా అదే అంటారు.

మల్లేశు రాగానే, జాలీ సంగతి తర్వాత, ముందు మా గది కప్పు తట్టి చూడు అన్నాను. ఎందుకని అడగలేదు. సుత్తి పిడితో గదంతా తట్టాడు. అన్ని చోట్లా టంగ్, టంగ్. మంచం పైన ఇంకోసారి తట్టమన్నాను. తట్టాడు. టంగ్. ఇంకోసారి. టంగ్. ఇంత గట్టి స్లాబు ఈ రోజుల్లో ఎవరు పోస్తున్నారు వదినె, ఇంకా వందేళ్ళు ఉంటుంది, అన్నాడు.

ఎవరైనా సంతోషిస్తారు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పమంటారా? ఒక్క పెచ్చు రాలినా చాలు అనుకున్నాను నేను. గుప్పెడు సిమెంటు ఆ మంచం మీద పడి ఉంటే చాలు... ఆయనే వచ్చాడు, ఆయనే బిడ్డను లేపమన్నాడు అని గుండెల మీద చేయి వేసుకుని చెప్పుకునేదాన్ని. కప్పు గట్టిగా ఉంటే మరి ఆ తట్టింది ఎవరు? ఆయన చెవి ఎప్పుడూ తప్పు వినలేదు.

మల్లేశుతో పాటు పైకి వెళ్ళాను. తాళం తీస్తే వాసన ముఖం మీద కొట్టింది. నేలంతా రెట్టలు, ఈకలు, బూడిదలాంటి దుమ్ము. మల్లేశు ముక్కుకు తువ్వాల కట్టుకున్నాడు, నాకూ కట్టుకోమన్నాడు. నేను దుమ్ములో చూశాను. పిట్టల కాళ్ళ గుర్తులే. మనిషి అడుగు ఒక్కటి లేదు. కర్ర లేదు, రాయి లేదు. మా గదికి సరిగ్గా పైన, మూలలో ఒక గూడు. గూట్లో కళ్ళు సరిగ్గా తెరవని రెండు పిల్లలు.

పిల్లలున్నాయి కదా, ఎగిరిపోయాక కొడదాం అన్నాను. నేనే అన్నాను, పావురాలను బండబూతులు తిట్టే నేను. మల్లేశు గూటిని బయటి సన్‌షేడ్ మీదికి మారుస్తానన్నాడు. వద్దన్నాను. వాడు నన్ను ఒకసారి చూసి సామాను సర్దుకుని పోయాడు.

గ్రేసి మంచం ముందు గదిలో వేశాను. ఆ లోపలి గదిలో, అదే చోట, నేను పడుకున్నాను.

మళ్ళీ వచ్చింది. అన్ని రాత్రులూ కాదు. కొన్ని రాత్రులు పిట్టలే మూలిగి మూలిగి తెల్లవారేది. కొన్ని రాత్రులు మూలుగు ఆగేది... ఆగి... టక్, టక్. వంటింటి వైపు నుంచి మొదలై నా మీదికి వచ్చేది. బోలు చప్పుడు మాత్రం మళ్ళీ రాలేదు. ఒక రాత్రి మూల దాకా పోయి, చివర్లో బరికినట్టు ఒక చప్పుడు. గర్ర్ అని. ఆ రాత్రి నేను పసిపిల్లలా నిద్రపోయాను.

భయం లేదా అంటే... ఉంది. ఎందుకుండదు? కానీ భయం కన్నా, ఇవాళ వస్తాడా రాడా అన్న బెంగ ఎక్కువైంది. పొద్దుగూకుతుంటే తల దువ్వుకునేదాన్ని. నవ్వకండని చెప్పాను కదా. తొందరగా వంట ముగించి, కూలరు కట్టేసి, చెమటలు కారుతున్నా చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకునేదాన్ని. చప్పుడు రాని రాత్రి కుళ్ళి కుళ్ళి ఏడ్చేదాన్ని. పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. పోయినప్పుడు ఇంటి నిండా మనుషులు, పనులు. ఏడవనిచ్చారా?

ప్రార్థన చేసుకుంటే మాటలు తడబడేవి. దేవుడిని ఏమని అడగాలి? ఇది నా భర్తేనా అని అడగాలా, ఇది ఆగకూడదని అడగాలా? రెండూ అడగకూడనివే. ఊరికే కళ్ళు మూసుకుని ఆమెన్ అనేసేదాన్ని.

మల్లేశు రెండుసార్లు వచ్చి పోయాడు. పిల్లలు ఎగరలేదన్నాను. ఎగరలేదు కూడా. కానీ నేను చూస్తున్నది పిల్లల కోసం కాదని నాకు తెలుసు.

ఒక రాత్రి పైన చప్పుడు నడవ దాకా వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను. ముందు గదిలోంచి ఇంకో చప్పుడు. ఈల వేసినట్టు. దాన్ని పట్టించుకోకుండా పైది వింటున్నాను... అది గ్రేసి ఊపిరి అని తెలియడానికి నాకు కాస్త సేపు పట్టింది. పరిగెత్తాను. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కింటాయనను లేపి ఆటో తెప్పించి దవాఖానకు తీసుకెళ్ళాము. ముఖానికి మాస్కు పెట్టారు. లోపల బిడ్డ గుండె కొట్టుకుంటుందని నర్సమ్మ చెప్పేదాకా నా గుండె కొట్టుకోలేదు. డాక్టరమ్మ ఒకటే అడిగింది. ఆ పావురాలు పోయాయా?

ఇంటికి తెచ్చాక గ్రేసి నా చేయి పట్టుకుంది. దానికి అంతా తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో, ఎట్లా తెలుసో నేను అడగలేదు. మెల్లగా, ఊపిరి కూడదీసుకుంటూ అంది.

"అమ్మా... నాకు గూడ నాయిన యాదికొస్తడు. కని నాకు ఊపిరి ఆడ్తలేదు."

ఇంకేం మిగిలింది చెప్పండి? మల్లేశుకు ఫోను చేశాను. రేపే కొట్టేయి అన్నాను. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పావురాల చప్పుడే అయితే జాలీ కొట్టాక ఉండదు. ఆయనే అయితే... ఆయనను కూడా మూసేస్తున్నానా, బయటికి తోలేస్తున్నానా, అది కూడా తెలియదు.

మర్నాడు పొద్దెక్కాక, పిట్టలు మేతకు పోయే వేళ చూసి మొదలుపెట్టాడు మల్లేశు. నీళ్ళు చల్లి దుమ్ము అణిచి, రెట్టలన్నీ గీకి సంచులకెత్తాడు. గూటిని పిల్లలతో సహా తట్టలో పెట్టి బయటి సన్‌షేడ్ మీద, నీడన ఉంచాడు. తల్లి పిట్ట అటూ ఇటూ తిరిగి చివరికి వాటి దగ్గర వాలింది. లోపల మిగిలిన పిట్టలను గుడ్డ విదిలిస్తూ ఒక్కో గదిలోంచి తోలాడు. ఒక గది ఖాళీ కాగానే ఆ కిటికీకి జాలీ. తర్వాత ఇంకో గది. అన్నీ అయ్యేసరికి పొద్దు గూకింది. ఇక మెట్ల వైపు తలుపు ఒక్కటే మిగిలింది, తాళం వేయడానికి.

మల్లేశు తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి గట్టిగా ఒక కేక వేశాడు.

"లోపల ఎవలన్న ఉన్నరా?"

నేను ఉలిక్కిపడ్డాను. అలవాటు వదినె, అన్నాడు. బాయిలో పని అయిపోయిన చోటును గోడ కట్టి మూసేముందు ఒకసారి పిలుస్తారట. మనుషులందరూ బయటికి వచ్చారని తెలిసినా సరే, ముందే లెక్క చూసుకున్నా సరే, ఆఖరి ఇటుక పెట్టేముందు లోపలికి ఒక కేక వేసి, కాస్త ఆగి, అప్పుడే మూస్తారట. ఇల్లు మూసినా చేయి అదే చేయి కదా, అని తలుపు లాగబోయాడు.

ఆగు తమ్మీ, అన్నాను. నేనొకసారి పిలుస్తాను.

మల్లేశు పక్కకు జరిగాడు. నేను గుమ్మంలోకి వెళ్ళాను. లోపల మసక. జాలీ లోంచి వచ్చే వెలుతురు నేల మీద గళ్ళు గళ్ళుగా పడి ఉంది. తడి నేల వాసన. బయట సన్‌షేడ్ మీద పిట్టలు మూలుగుతున్నాయి. ఆయనను నేను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆ రోజూ పిలవలేదు.

"గ్రేసి నాయినా... షిఫ్టు అయిపోయింది. ఇంటికి రా."

అంతే అన్నాను. నా గొంతు ఖాళీ గదుల్లోకి వెళ్ళింది.

బయట మూలుగు ఆగింది.

నేను కదలలేదు. మల్లేశు కదలలేదు. ఎక్కడో దూరంగా రైలు కూత వేసింది. అదీ ఆగింది.

టక్... టక్.

లోపలి గదిలోంచి. కింద నుంచి కాదు, పై నుంచి కాదు... అక్కడి నుంచి. గోడ మీదనో, ఏమో.

పిట్ట మిగిలిపోయిందేమోనని మల్లేశు గొణిగాడు. ఫోను లైటు వేసుకుని లోపలికి వెళ్ళాడు. ప్రతి మూలా వెలుగు తిరగడం నాకు కనిపిస్తోంది. తిరిగి వచ్చాడు. ఏమీ లేదు వదినె, అన్నాడు. ఒక్క ఈక కూడా లేదు అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా తలుపు మూసి, తాళం వేసి, చెవి నా చేతిలో పెట్టి, నాకన్నా ముందే దబదబా మెట్లు దిగిపోయాడు. కూలి డబ్బులు కూడా అడగలేదు.

నేను మెల్లగా దిగాను. మెట్ల మీద చీకటి. గోడ పట్టుకుని దిగుతున్నాను. నా చెప్పుల చప్పుడు. దాని వెనక... ఇంకో చప్పుడు ఉందా? ఉందనే అనిపించింది. బరువైన బూట్లు వేసుకున్నవాళ్ళు నెమ్మదిగా దిగితే వచ్చే చప్పుడు. నేను ఆగితే ఆగింది. మెట్ల దారిలో మన చప్పుడే మనకు తిరిగి వినిపిస్తుంది, అది నాకూ తెలుసు. వెనక్కి తిరిగి చూసి ఉంటే తేలిపోయేది. తిరగలేదు. తిరిగితే ఎవరూ ఉండరేమోనని తిరగలేదు.

మా తలుపు తీశాను. నేను లోపలికి వెళ్ళి, పక్కకు తప్పుకుని, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి దారి ఇచ్చినట్టు. కాసేపు అట్లాగే ఉన్నాను. తర్వాత తలుపు వేశాను.

ఆ రాత్రి పైన చప్పుడు లేదు. ఆ తర్వాత ఏ రాత్రీ లేదు. గ్రేసి దగ్గు తగ్గింది. కాన్పు సుఖంగా అయింది, ఆడపిల్ల. పై క్వార్టర్లోకి మనుషులు వచ్చారు, వాళ్ళ మిక్సీ చప్పుడు, పిల్లల గంతులు వినిపిస్తుంటాయి. మీరేమంటారో నాకు తెలుసు. పిట్టలు పోయాయి, చప్పుడు పోయింది, అంతే కదా అంటారు. అయ్యుండొచ్చు. పిట్టలే అయ్యుండొచ్చు. లేదా ఇంట్లోకి వచ్చేసిన మనిషి ఇంకా పైన ఎందుకు తట్టుకుంటూ తిరుగుతాడు? అట్లా కూడా అనుకోవచ్చు. ఒక రోజు ఇది, ఒక రోజు అది అనుకుంటూ ఉన్నాను.

మీకు ఒక్క సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డప్పుడు గ్రేసి ముందు గదిలోనే ఉంది. కింద కూర్చుని, గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని ఉంది. లోపలికి పోయే దారికి అడ్డంగా. నా వైపు చూడలేదు. నేను తలుపు ఎందుకు పట్టుకున్నానని అడగలేదు. ఉన్నట్టుండి కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకుంది. ఎవరైనా దాటి పోతుంటే ముడుచుకుంటామే... అట్లా. కాసేపాగి మళ్ళీ చాపుకుంది.

ఎందుకు ముడుచుకున్నావు బిడ్డా అని ఇంతవరకు అడగలేదు. ఇవాళా రేపూ అడుగుదామనుకుంటాను. కాలు తిమ్మిరెక్కిందమ్మా అంటుందేమోనని అడగలేక ఊరుకుంటాను.